పది తీగల పంచాయితీ

సంపత్ కౌంటర్ దగ్గరే పార్సిల్ విప్పాడు. వాయిద్యం మెడ విరిగి ఉంది. తీగలు చుట్టే తలభాగం నిటారుగా ఉండాల్సింది పోయి, ఎవరో పట్టుకుని వెనక్కి మడిచేసినట్టు అడ్డంగా వంగిపోయి ఉంది.

ఇల్లందు బస్టాండులో పార్సిల్ కౌంటర్ దగ్గర అరగంట గొడవ పెట్టుకున్నాడు.

"జాగ్రత్త అని ఎర్ర పెన్నుతోటి రాసున్నది గద! కండ్లు కనపడయా మీవోళ్లకు? మీద బియ్యం బస్తాలేసిన్రా ఏంది?"

కౌంటర్లో మనిషి ఆ వస్తువును అటూ ఇటూ తిప్పి చూశాడు. "అన్నా, ఇరిగితే ఇరిగిన కాడ పేళ్లు లేస్తయి. ఇది నున్నగున్నది, పాలిష్ గూడ కొట్టిన్రు. నాకైతే ఇది పుట్టుడే గిట్ల పుట్టిందనిపిస్తంది."

సంపత్ ఫోన్ తీసి వీడియో పెట్టి చూసుకున్నాడు. నిజమే. వీడియోలో దాని మెడ కూడా అలాగే ఉంది. ఏడాదిగా రోజూ చూస్తున్న వీడియోనే, కానీ చూసిందంతా వాయించేవాడి చేతులనే. తల ఎటు తిరిగి ఉందో ఒక్కసారీ పట్టించుకోలేదు. కౌంటర్ మనిషికి చాయ్ తాగించి, ఆ పెట్టెను బండి మీద పెట్టుకుని ఇంటికొచ్చేశాడు.

దాని పేరు ల్యూట్. ఐదారు వందల ఏళ్ళ కిందట యూరపులో రాజుల కొలువుల్లో, సత్రాల్లో వాయించేవాళ్ళు. వీపు బోర్లించిన బుర్రలా గుండ్రంగా ఉంటుంది, ముందువైపు పల్చటి చెక్క. తీగలు పది, కానీ రెండేసి చొప్పున జతలు. అంటే ఐదు జతలు. ప్రతి జతలో రెండు తీగలూ ఒక్క గొంతుతో పలకాలి. పక్షి ఈక కాడతో మీటాలి. హైదరాబాదులో సంగీతం చదివే ఒకతను పై చదువుకు వెళ్ళిపోతూ అమ్మేస్తే సంపత్ కొన్నాడు.

సంపత్‌కు ముప్ఫై నాలుగేళ్ళు. ఇల్లందు నుంచి రోజూ బండి మీద కొత్తగూడెం వైపు అండర్‌గ్రౌండ్ బొగ్గు బాయికి పోతాడు. బాయి లోపల బొగ్గును ఎత్తిపోసే మిషన్ నడుపుతాడు. పదకొండేళ్ళుగా అదే పని. ఆ ఇరుకు సొరంగంలో దాని మోత బండకు తగిలి మళ్ళీ మీదికే వస్తుంది. షిఫ్ట్ అయిపోయి పైకొచ్చినా మోత ఆగదు. తిండి దగ్గరా, మంచం మీదా, చెవిలో గుయ్యిమని ఒకటే రొద. ఒకరోజు బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఏవో వీడియోలు తిప్పుతుంటే ఈ ల్యూట్ తగిలింది. గట్టిగా అరవని వాయిద్యం. పక్కనే కూర్చుని ఎవరో నెమ్మదిగా మాట్లాడినట్టు ఉంది. ఆ నాలుగు నిమిషాలూ చెవిలో రొద పక్కకు జరిగింది. అప్పటినుంచి అతనికి ఒకటే కోరిక. ఆ చప్పుడు తన చేత్తో తను తెప్పించాలి.

కోరికదేముంది, బాగానే ఉంటుంది. తీగలు కలవాలి కదా.

నేర్పేవాళ్ళ కోసం నాలుగు నెలలు వెతికితే ఒక్కరే దొరికారు. రోజారాణి మేడం. ఊరు మధిర, ఉండేది హైదరాబాదు. ఆదివారాలు ఫోన్‌లో వీడియో పెట్టి ఆరుగురికే నేర్పుతారు, ఒక్కొక్కరికి నలభై నిమిషాలు. ఏడో మనిషికి చోటు లేదు. ఒకాయన మానేయడంతో సంపత్‌కు పదకొండు గంటల చోటు దొరికింది. అతని వెనక ఇంకా ముగ్గురు చోటు కోసం చూస్తున్నారని ఆమె మొదటి రోజే చెప్పారు.

మొదటి క్లాసు తీగలు కలపడంతో సరిపోయింది. రెండోదీ అంతే. మూడో క్లాసులో పదో తీగ బిగించేసరికి మొదటిది వదులైంది. నాలుగో క్లాసులో ఫోన్‌లో శ్రుతి చూసే యాప్ పెట్టి పది తీగలకూ పచ్చరంగు తెప్పించి గర్వంగా చూపించాడు. ఆమె ఒక్కసారి విని, "యాప్‌కి పచ్చ వస్తే చాలదండీ. జతలో రెండూ కలిపి మీటండి. వణుకుతోంది, వినపడట్లేదా?" అన్నారు.

"వినపడ్తంది మేడం," అన్నాడు సంపత్.

ఐదో క్లాసు చివర్లో రోజారాణి మేడం కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. "చూడండి సంపత్ గారూ. ఐదు వారాలైంది. ఇంకా ఈక పట్టుకోవడం దాకా కూడా రాలేదు మనం. వచ్చే ఆదివారానికి ఐదు జతలూ కలిపి ఉంచండి. యాప్ వద్దు, చెవితోనే. కుదరలేదనుకోండి, మీ టైము వెనకున్నవాళ్ళకి ఇచ్చేస్తాను. ఏమీ అనుకోకండేం."

ఫోన్ పెట్టేశాడు. ముందుగదిలో బ్లౌజులు కుడుతున్న సరిత మిషన్ ఆపి మొగుణ్ణి చూసింది. "ఏమన్నది మేడం?"

"ఏమంటది. బాగున్నదన్నది."

"నేను గీడనే ఉన్న గదయ్యా. అంత ఇన్న."

"ఇన్నంక మల్ల అడుగుడెందుకు?"

సోమవారం షిఫ్ట్‌లో సంపత్ మొహం చూసి దూలయ్య ఊరుకోలేదు. దూలయ్యది గుండాల వైపు అడవి ఊరు. ఇద్దరిదీ ఒకటే జట్టు, టిఫిన్ డబ్బాలు పక్కపక్కనే.

"ఏందిరా సంపతూ, సగం గుమ్మడికాయ ఇంక పలుకుతలేదా?"

"పలుకుతది గని బిర్రలు నిలుస్తలెవ్వురా. ఒకటి తిప్పితే ఇంకోటి జారుతది. వానకాలం కదా, చెక్క ఉబ్బుతది, ఎండుతది. తల్కాయ తినేస్తంది నన్ను."

తీగలు చుట్టే పది చెక్క బిర్రలకూ ల్యూట్‌లో మరలు ఉండవు. రంధ్రంలో బిగుతుగా కూర్చోవడమే వాటి పని. కూర్చోకపోతే తీగ జారుతుంది.

"ఇంత దానికే గంత బాధనా?" దూలయ్య చపాతీ మడిచి నోట్లో పెట్టుకున్నాడు. "మా అమ్మ అడవిల తపసి చెట్ల బంక ఏరుతది. ఎండింది దంచి జర రాయ్. ఏనుగు గుంజినా జారదు."

మంగళవారం దూలయ్య పొట్లం తెచ్చాడు. సంపత్ బంకను మెత్తగా దంచి, పది బిర్రలకూ అద్ది కూర్చోబెట్టాడు. నిజంగానే పట్టుకున్నాయి. ఒక్కటి కూడా కదల్లేదు. సరితను పిలిచి మరీ చూపించాడు.

తపసి బంకకు ఒక గుణం ఉంది. తేమ తగిలితే ఉబ్బుతుంది. నానబెడితే గిన్నెడు అవుతుందని ఆ ప్రాంతంలో చిన్నపిల్లకైనా తెలుసు. సంపత్‌కూ తెలుసు. తెలిసిందే సమయానికి గుర్తుకు రాలేదు. ఆ రాత్రంతా ముసురు. బుధవారం షిఫ్ట్ నుంచి వచ్చి తీగ సవరిద్దామని బిర్ర తిప్పితే కదల్లేదు. రెండోది కదల్లేదు. పదీ అంతే, సిమెంట్ పోసినట్టు. కటింగ్ ప్లేయర్ తెచ్చి ఒకదాన్ని పట్టుకుని తిప్పాడు. టక్కుమని బిర్ర తల ఊడి చేతికొచ్చింది.

కటింగ్ ప్లేయర్‌ను గోడకేసి కొట్టాడు. సున్నం పెచ్చు రాలింది.

"గోడేం జేసింది?" అంది సరిత.

"ఏనుగు గుంజినా జారదన్నడు. ఆ ఏనుగును తీస్కరమ్మను వాణ్ణి!"

సరిగ్గా ఆ సమయానికే గుమ్మంలో పిచ్చయ్య చెప్పులు విప్పుతున్నాడు. సరిత తండ్రి. బాయిలో ముప్ఫై రెండేళ్ళు టింబర్‌మన్‌గా చేశాడు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం అతని పని. రిటైరై తిరుమలాయపాలెం దగ్గర సొంతూళ్ళో పత్తి వేసుకుంటూ, నెలకోసారి కూతురింటికి వస్తాడు.

అల్లుడి చేతిలో విరిగిన ముక్కను తీసుకుని చూశాడు. "బంక రాసింది ఎవడు?"

"నేనే మామా."

"మంచిగ రాసినవ్." పిచ్చయ్య విరిగిన ముక్కను జేబులో వేసుకున్నాడు. గురువారం తడిగుడ్డతో పది బిర్రల చుట్టూ బంక మెత్తబరిచి, ఒక్కొక్కటే ఊడదీసి తుడిచి ఆరబెట్టాడు. పాత టేకు కర్రముక్క తీసుకుని చాకుతో కొత్త బిర్ర చెక్కాడు. "చెక్క చెక్కల కూసోవాల్నంటే సుద్ద ముక్క రాయాలె, దాని మీద ఎండు సబ్బు రుద్దాలె. పట్టుకోవాలె, తిరగాలె. రెండూ కావాలె," అని పదింటినీ మళ్ళీ బిగించి ఇచ్చాడు.

శుక్రవారానికి బిర్రలన్నీ బుద్ధిగా నిలబడ్డాయి. తిప్పితే తిరుగుతున్నాయి, వదిలితే ఆగుతున్నాయి. ఇక జారడమన్న మాటే లేదు.

శనివారం మధ్యాహ్నం షిఫ్ట్ దిగి, అన్నం తిని, ల్యూట్ ముందు పెట్టుకుని కూర్చున్నాక సంపత్‌కు అసలు సంగతి అర్థమైంది. ఇన్నాళ్ళూ తప్పంతా బిర్రల మీద వేశాడు. ఇప్పుడు బిర్రలు నిలిచాయి, అయినా తీగలు కలవడం లేదు.

ఒక జత మీటాడు. "కలిసింది," అన్నాడు.

"కలవలే," అంది సరిత, మిషన్ మీంచి తల ఎత్తకుండానే.

తిప్పాడు. మీటాడు.

"ఊహూఁ."

మళ్ళీ తిప్పాడు.

"ఇప్పుడు ఇంకింత పోయింది. ఎన్కకు రా."

"నువ్వు నీ గుండీలు కుట్టుకో!" అని అరిచాడు సంపత్. "సంగీతం నేర్చుకున్నవా నువ్వు?"

"నేర్చుకునుడెందుకు, రెండు రేకులు కొట్టుకున్నట్టు ఇనపడ్తంటే? నీకు ఇనపడ్తలేదా?"

"ఇనపడ్తంది!"

సరిత మిషన్ తొక్కడం ఆపి అతని వైపే చూస్తూ ఉండిపోయింది. అతను తల దించుకుని బిర్రలు తిప్పుతున్నట్టు నటించాడు. వినపడటం లేదు. తీగ పలకడం వినపడుతుంది. కానీ ఆ జతలో రెండింటికీ మధ్య తేడా ఏదో ఉందని అందరూ అంటున్నారే, అది మాత్రం చెవిలో గుయ్యిమనే రొదలో కలిసిపోతోంది. ఈ సంగతి అతనికి ఈవేళే తెలిసింది కాదు. రెండేళ్ళ కిందట కంపెనీ మెడికల్ చెకప్‌లో చెవి పరీక్ష పెట్టినప్పుడు, చప్పుడు వినపడితే వేలెత్తమంటే, మిషన్ మీద టెక్నీషియన్ చెయ్యి కదిలినప్పుడల్లా వేలెత్తాడు. పాసయ్యాడు. వినపడదని రాస్తే మిషన్ మీంచి దించుతారు, అండర్‌గ్రౌండ్ కాకుండా పైన తక్కువ డబ్బుల పని ఏదో ఇస్తారు. అందుకే ఇంట్లో చెప్పలేదు, దూలయ్యకు చెప్పలేదు. తనకు తనే సరిగ్గా చెప్పుకోలేదు.

మంచం మీద పడుకున్న పిచ్చయ్య లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు. ఏం అర్థమైందో ఏమో, చెవి మాట ఎత్తలేదు.

"అల్లుడా, బాయిల రూఫ్ గట్టిగున్నదో వదులైందో ఎట్ల చూస్తం మేము?"

"రాడ్‌తోటి కొట్టి చూస్తరు. సప్పుడు ఇంటరు."

"ఏం సప్పుడు? పక్కపొంటి నీ మిషన్ మొత్తుకుంటుంటే ఏమినపడ్తది? కుడిచేత్తోటి కొడ్తం, ఎడమచెయ్యి బండకు ఆనిస్తం. బండ గట్టిదైతే చెయ్యి ఊకుంటది. వదులైతే ఏళ్ల కింద గజగజ వణుకుతది. ముప్పై రెండేండ్లు నేను చేత్తోటే ఇన్న. నువ్వు గూడ చెయ్యి పెట్టు."

సంపత్ నమ్మలేదు. అయినా వేరే దారి లేదు. ల్యూట్ ముందు చెక్క మీద రెండు వేళ్ళు ఆనించి లావు తీగల అడుగు జతను మీటాడు. మొదట ఏమీ తెలియలేదు. చెక్క గులగులమంది, అంతే. నాలుగోసారో ఐదోసారో వేళ్ళ కింద ఏదో తగిలింది. వుమ్, వుమ్, వుమ్ అని లేచి పడుతున్న అల. బిర్ర కొంచెం తిప్పాడు. అల నెమ్మదించింది. వుమ్... వుమ్... ఇంకా వెంట్రుకవాసి తిప్పాడు. ఆగిపోయింది. చెక్క ఒకే తీరుగా పలుకుతూ అణిగిపోయింది.

మిషన్ దగ్గర్నుంచి సరిత, "గదీ! కలిసింది," అంది.

సాయంత్రం చాయ్ వేళకు నాలుగు జతలు కలిశాయి. ఒక్కోదానికి అరగంట పట్టింది, చొక్కా వీపుకు అంటుకుపోయింది, వేలి కొస తిమ్మిరెక్కింది. కానీ కలిశాయి. ఇక మిగిలింది ఐదోది, అన్నిటికన్నా పై స్థాయిలో పలికే సన్నతీగల జత.

అది చేతికి చిక్కలేదు. తీగలు మరీ సన్నం. మీటితే చెక్క ఒక్కసారి చివుక్కుమని ఊరుకుంటోంది, అల లేచేలోపే అయిపోతోంది. చెవికేమో అసలే అందదు. తిప్పాడు. మీటాడు. చెంప ఆనించి చూశాడు. పళ్ళతో చెక్క అంచు కరిచిపట్టి కూడా చూశాడు.

"ఇయ్యి, నేను కలుపుత," అని సరిత చెయ్యి చాపింది.

"అవసరం లేదు."

"రేపు పొద్దుగాల క్లాసు గదయ్యా. నాకు ఇనపడ్తంది, నేను తిప్పిస్త. తప్పేంది?"

"చెప్తున్న గద, అవసరం లేదని! నాకు వస్తది."

రాలేదు.

ఆదివారం పదకొండింటికి రోజారాణి మేడం ఫోన్‌లో కనపడ్డారు. పలకరింపులు అయ్యాక, "అడుగు జత మీటండి," అన్నారు. మీటాడు. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "రెండోది. ఊఁ. మూడు. నాలుగు. అరె, ఏం చేశారండీ ఈ వారం? ఎంత శుభ్రంగా ఉన్నాయో! పైది మీటండి."

మీటాడు. ఆమె మొహం మారింది.

"కొంచెం పైకి తిప్పండి. ఇంకొంచెం. ఎక్కువైంది, తగ్గించండి. ఆఁ, ఇప్పుడెలా ఉంది మీకు? కలిసిందా?"

"కలిసింది మేడం."

"కలవలేదండీ."

మళ్ళీ తిప్పించారు. మళ్ళీ అడిగారు. ఈసారి కలవలేదని చెబితే సరిపోతుందేమోనని, "కలవలే మేడం," అన్నాడు.

"ఇప్పుడే కదండీ కలిసింది," అన్నారు ఆమె నెమ్మదిగా.

సంపత్ చెవులు ఎర్రబడ్డాయి. ముందుగదిలో మిషన్ చప్పుడు ఎప్పుడు ఆగిపోయిందో అతనికి తెలియదు.

"సంపత్ గారూ, మీరు కష్టపడ్డారు, కనపడుతోంది. కానీ మనం మాట అనుకున్నాం. నాలుగు కలిశాయి కాబట్టి ఇంకో నెల ఆగి..."

నెల ఆగితే ఈ చోటు ఉండదు. ఇంకొకళ్ళు కూర్చుంటారు. ఆ తర్వాత వాళ్ళు మానేసేదాకా చూడాలి. సంపత్ ల్యూట్‌ను ఒళ్ళో బోర్లా పెట్టాడు.

"మేడం, ఒక మాట. నాకు ఆ సన్నతీగల తేడా ఇనపడది." మాట బయటికొచ్చాక మిగతాది దానంతటదే వచ్చింది. "మిషన్ మీద చెవులు పోయినయి. ఎప్పుడూ గుయ్యిమంటనే ఉంటది. కింద నాలుగు జతలు చేత్తోటి పట్టుకుని కలిపిన. పైది చేతికి అందుతలేదు. మీరు అడిగినప్పుడల్ల ఉత్తగనే అవ్ అన్న."

ఆమె తన ల్యూట్ తీసి కెమెరాకు దగ్గరగా పట్టుకుని, సన్నతీగ ఉండే చోటును వేలితో చూపించారు. "ఇక్కడ ఎన్ని తీగలున్నాయి?"

సంపత్ ముందుకు వంగి చూశాడు. ఒకటే ఉంది.

"పైది ఒంటితీగగా ఉంచుకోవడం మామూలే. అప్పట్లోనూ అలా వాయించినవాళ్ళున్నారు. మీదాంట్లో రెండున్నాయి కాబట్టి రెండూ కలపమన్నాను. ఒకటి తీసేయండి. ఇక కలపడానికి జతే ఉండదు. దాన్ని ఒక్కదాన్నీ యాప్‌తో సరిచేసుకోండి, నేనేమీ అనను."

"తీసేస్తే... అయిపోతదా?"

"అయిపోతుంది."

ఆరు వారాలు. ఒక బిర్ర, ఒక గోడ పెచ్చు, పెళ్ళాంతో రోజుకొక తగవు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో సంపత్‌కు తోచలేదు. దూలయ్య మీద కుదరదు, మామ మీద కుదరదు. మేడం మీద కుదిరేటట్టుంది గానీ, వినపడుతోందా అని ఆమె అడగని క్లాసు ఒక్కటీ లేదు. కటింగ్ ప్లేయర్ తీసుకుని తీగను కట్ చేయబోతే పిచ్చయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"తిప్పి ఇడువు. కోస్తె ఎగిరి కంట్ల కొడ్తది." తర్వాత ఫోన్ వైపు తిరిగి, "ఏం మేడం, ఇన్ని దినాల రోగానికి ఒక తీగ పీకుడేనా మందు?" అన్నాడు.

రోజారాణి మేడం నవ్వారు. "ఇంకా పదిహేను నిమిషాలున్నాయండీ. ఈక ఏదీ?"

ఈక నాటుకోడి పుంజుది, రెక్కలోంచి పీకింది. చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య ఎలా పెట్టాలో ఆమె చూపించారు. సంపత్ పట్టుకుంటే అది గిర్రున తిరిగి కింద పడింది. మళ్ళీ పట్టుకున్నాడు. వీపు గుండ్రంగా ఉన్న ల్యూట్ ఒళ్ళోంచి జారింది. దాన్ని పొట్టతో నొక్కిపట్టి మీటితే రెండో జతకు బదులు మూడోది పలికింది.

"భుజం దించండి. మిషన్ లివర్ కాదండీ అది."

"దించిన మేడం."

"దించలేదు."

సరిత వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. "రేపు షిఫ్ట్ అయినంక దవాఖానకు పోతున్నం."

"చూద్దాం తియ్."

"చూసుడు లేదు. టీవీ సౌండ్ నలభై మీద పెట్టినప్పుడే అడగాల్సింది నేను. కాలనీ అంత మన సీరియల్ ఇంటంది."

"క్లాసు నడుస్తంది, జర ఆగవే!" అన్నాడు సంపత్. సరిత కదల్లేదు.

"వచ్చే వారం కూడా పదకొండుకే," అన్నారు ఫోన్‌లో రోజారాణి మేడం. "ఇప్పుడు కిందనుంచి పైకి, ఒక్కోటి ఒకసారి. తప్పు పోయినా ఆగొద్దు."

కిందనుంచి పైకి వెళ్ళాడు. రెండోది తప్పిపోయింది. నాలుగో దగ్గర ఈక ఇరుక్కుంది. పళ్ళు కొరుక్కుంటూ దాన్ని లాగి, పైన మిగిలిన ఒంటితీగను మీటాడు. పీలగా పలికింది. అది కలిసిందో లేదో చెప్పమని ఈసారి ఎవరూ అడగలేదు.

"మళ్ళీ," అన్నారు మేడం. "భుజం."